వైనరీ పేజీలో ఫొటోలు బాగుండాలంటే కెమెరా కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది అనంతపురం. మీ మేనమామ వాళ్లు సరిహద్దు అవతల కర్ణాటక వైపు ద్రాక్షతోట, ఒక చిన్న వైనరీ నడుపుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకునే పని మీకు అప్పగించారు. బాటిల్ ఫొటోలు క్రమం తప్పకుండా పెడుతున్నా చుట్టాలు తప్ప ఎవరూ పట్టించుకోవడం లేదు. డెబ్బై వేలు పెట్టి కెమెరా కొంటే మారుతుందా, ఎడిటింగ్‌కి ఏ యాప్ మంచిది అని అడుగుతూ మూడు ఫొటోలు జత చేశారు.

కెమెరా కొనకండి. ఇప్పుడున్న ఫోన్ చాలు. మార్చాల్సింది రెండు విషయాలు. బాటిల్‌కి వెలుతురు ఎదురుగా కాకుండా పక్క నుంచి, కొంచెం వెనక నుంచి రావాలి. పేజీలో బాటిల్ కంటే తోట, మనుషులు, పని ఎక్కువ కనిపించాలి. వైన్ రుచి ఫొటోలో తెలియదు కదా. అది ఏ నేలలో పండింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది మాత్రం ఫొటో చెప్పగలదు. మీ పేజీలో ఇప్పుడు లేనిది అదే.

నేను అనంతపురంలో వస్తువుల ఫొటోలు తీస్తాను. దానిమ్మ, చీనీ (బత్తాయి) ప్యాకింగ్ చేసేవాళ్లు, గానుగ నూనె వాళ్లు, ద్రాక్షరసం యూనిట్లు, నంది కొండల వైపు కొన్ని చిన్న వైనరీలు నా దగ్గరకు వస్తుంటారు. అందరూ ముందు అడిగేది కెమెరా గురించే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బాటిల్ సంగతి చూద్దాం. గాజు తన చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది. మీ మొదటి ఫొటోలో బాటిల్ భుజం మీద తెల్లటి చుక్క ఉంది, అది ఫోన్ ఫ్లాష్. దాని పక్కన నిలువుగా సన్నటి గీత, అది గదిలోని ట్యూబ్‌లైట్. మెడ దగ్గర నీలం రంగు మరక మీ చొక్కా. ఇవన్నీ చేరాక చూసేవాళ్ల కన్ను లేబుల్ మీద నిలవదు.

ఫ్లాష్, ట్యూబ్‌లైట్ రెండూ ఆపేయండి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర బల్ల వేయండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే మరీ మంచిది, రోజులో ఎక్కువసేపు వెలుతురు ఒకేలా ఉంటుంది. కిటికీకి అడ్డంగా ఉతికిన తెల్ల పంచె ఒక్క పొర కట్టండి. వెలుతురు ఎడమ నుంచో కుడి నుంచో, కొద్దిగా వెనక నుంచి వచ్చేలా బాటిల్ పెట్టండి. అవతలి పక్క థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఇప్పుడు గాజు మీద చుక్కలు, గీతలు పోయి పైనుంచి కిందికి ఒక మెత్తని తెల్ల పట్టీ పడుతుంది. బాటిల్ గుండ్రంగా ఉందని కంటికి తెలిసేది ఆ పట్టీ వల్లే. మీరు ముదురు రంగు చొక్కా వేసుకుని తీయండి, మీ నీడ గాజులో కనిపించదు.

రెడ్ వైన్ నల్లగా ఎందుకు వస్తోంది అని మీరు విడిగా అడిగారు. గాజు ముదురు ఆకుపచ్చ, లోపల ద్రవం ముదురు ఎరుపు. రెండూ కలిసి వెలుతురును దాటనివ్వవు. దీనికి స్టూడియోల్లో ఎప్పటి నుంచో వాడే ఉపాయం ఉంది. ఒక అట్టముక్క తీసుకుని బాటిల్ ఆకారంలో, బాటిల్ కంటే కొంచెం సన్నగా కత్తిరించండి. దాని మీద తెల్ల కాగితం గానీ వంటింట్లో వాడే ఫాయిల్ గానీ అంటించండి. బాటిల్ వెనక, ఫోన్‌కి కనిపించకుండా నిలబెట్టి, కిటికీ వైపు కొద్దిగా తిప్పండి. కిటికీ వెలుతురు ఆ అట్ట మీద పడి బాటిల్ గుండా ముందుకు వస్తుంది. తిప్పుతూ ఫోన్‌లో చూస్తూ ఉండండి. ఒక కోణంలో నల్లటి భాగం ఒక్కసారిగా ఎర్రబడుతుంది. అక్కడ ఆపండి. మరీ దట్టమైన గాజు అయితే బాటిల్ కొంచెమే వెలుగుతుంది. అప్పుడు పక్కన గ్లాసులో కొద్దిగా వైన్ పోసి పెట్టండి, రంగు చూపించే పని గ్లాసు చేస్తుంది.

వైట్ వైన్‌కి ఇబ్బంది ఇంకో రకం. లేత గాజు, లేత రంగు కాబట్టి బాటిల్ అంచులు వెనక గోడలో కలిసిపోతాయి. బాటిల్‌కి రెండు పక్కలా, ఫ్రేములోకి రాకుండా, నల్ల చార్టు ముక్కలు నిలబెట్టండి. అంచుల వెంట సన్నటి నల్ల గీత వస్తుంది, బాటిల్ విడిగా నిలబడుతుంది.

చల్లగా కనిపించాలని బాటిల్ మీద నీళ్లు చల్లుతారు. నీళ్లు జారిపోతాయి. గ్లిజరిన్, నీళ్లు సగం సగం కలిపి స్ప్రే చేస్తే చుక్కలు చాలాసేపు నిలుస్తాయి. లేబుల్ తడవకుండా ముందు కాగితం చుట్టండి. ఇది వైట్, రోజే (లేత గులాబీ రంగు వైన్), స్పార్క్‌లింగ్ (బుడగలు వచ్చే వైన్) రకాలకు మాత్రమే. మీ రెండో ఫొటోలో షిరాజ్ అనే రెడ్ వైన్ బాటిల్ మీద మంచు చుక్కలు ఉన్నాయి. బాటిల్ ఒంటి నిండా చెమట పట్టేంత చల్లగా ఎవరూ ఆ వైన్ తాగరు. వైన్ తెలిసినవాళ్లు దాన్ని చూడగానే ఈ పేజీ నడిపేవాళ్లకు తమ సరుకు తెలియదనుకుంటారు. గ్లాసు కూడా అంతే. మూడో వంతుకు మించి పోయకండి. పట్టుకునేవాళ్లు కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె దగ్గర పట్టుకుంటే వేలిముద్రలు ఫొటోలో పెద్దగా కనిపిస్తాయి.

బాటిల్‌కి బాగా దగ్గరగా ఫోన్ పెట్టి తీస్తే మెడ లావుగా, అడుగు సన్నగా వస్తుంది. నాలుగు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. ఫోన్ లేబుల్ ఎత్తులో, నిటారుగా ఉండాలి. తెర మీద లేబుల్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, ఆ తర్వాత వేలిని కిందికి లాగి వెలుతురు కొంచెం తగ్గించండి. లేబుల్ మీద తెలుపు వెలుతురుకి వెలిసిపోకుండా అక్షరాలు చదివేలా ఉంటే చాలు.

కింద ఏం పెట్టాలి? మీరు చెక్క డిజైన్ ఉన్న ప్లాస్టిక్ షీటు వాడారు. మనం ఉన్న చోటికి ఆ అవసరం లేదు. కడప బండ దేశమంతా వంటింటి అరుగులకు వెళ్తుంది. తాడిపత్రి నాపరాయి, బేతంచెర్ల బండ మన పక్కనే దొరుకుతాయి. బండల ఫ్యాక్టరీ దగ్గర అంచు విరిగిన ముక్కలు అడిగితే నామమాత్రం ధరకి ఇస్తారు. పాలిష్ చేయని గరుకు వైపు వాడండి. ఆ నల్ల బూడిద రంగు మీద ఆకుపచ్చ గాజు, తెల్ల లేబుల్ ఎంత బాగా కుదురుతాయో ఒక్కసారి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. నా దగ్గర ఎక్కువగా వాడిన వస్తువు ఆ బండే. అన్ని ఫొటోలకూ అదే వాడితే పేజీకి ఒక వరుస కూడా వస్తుంది.

ఇక తోట. నా దృష్టిలో అసలు బలం ఇక్కడే ఉంది.

చాలా చిన్న వైనరీల పేజీల్లో ఇటలీ కొండల ఫొటోలు, ఫ్రాన్స్ కోటల ఫొటోలు కనిపిస్తాయి. ఈమధ్య ఏఐతో చేసినవి కూడా వస్తున్నాయి. దయచేసి ఆ దారి పట్టకండి. మీ తోటలో ఎర్రమట్టి ఉంది, డ్రిప్ పైపులు ఉన్నాయి, వెనక గుండ్లు పేర్చినట్టున్న కొండలు ఉన్నాయి. బెంగళూరు నుంచి వారాంతంలో తోట చూడటానికి వచ్చేవాళ్లు వెతుకుతున్నది అదే. ఇటలీ ఫొటో చూసి వచ్చినవాళ్లకు మీ తోట ఎంత బాగున్నా నిరాశే మిగులుతుంది.

తోటలో వెలుతురుతో రెండు చిక్కులు ఉన్నాయి. మన వైపు మిట్టమధ్యాహ్నం ఎండ నిలువునా పడి కళ్ల కింద, గుత్తుల కింద నల్లటి నీడలు వేస్తుంది. పొద్దున ఎండెక్కకముందు, సాయంత్రం ఎండ వాలాక తీయండి. రెండోది పందిరి. పందిరి కింద నిలబడితే వెలుతురు ఆకుల గుండా వచ్చి ముఖాలన్నీ పచ్చగా పడతాయి, కింద ఎర్రమట్టి నుంచి గడ్డం మీద ఎరుపు పడుతుంది. ఏ ఫిల్టరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. మనిషిని పందిరి అంచుకి, బయటి వెలుతురు ముఖం మీద పడే చోటికి తీసుకురండి. పక్కన థర్మోకోల్ పట్టుకునే కుర్రాడు ఒకడుంటే చాలు. వైన్ ద్రాక్షను తీగల వరుసల మీద నిలువుగా పెంచే తోటల్లో ఈ బాధ తక్కువ, వరుసల మధ్య నుంచి ఎండ పక్కగా వస్తుంది.

గుత్తిని తుడవకండి. ద్రాక్ష పండు మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర ఉంటుంది. అది పండుకి సహజంగా వచ్చే మైనం. పురుగుమందు అనుకుని చాలామంది ఫొటోకి ముందు గుడ్డతో తుడుస్తారు, నూనె కూడా రాస్తారు. తుడిచాక పండు ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంది. ఆ పొర చెదరకుండా, వేలిముద్ర పడకుండా ఉన్న గుత్తి ఫొటోలో ఎంత తాజాగా కనిపిస్తుందో మాటల్లో చెప్పలేను. గుత్తి కావాలంటే కాడ పట్టుకుని కోయండి, పండ్లను ముట్టుకోకండి. ఆకుల మీద నీలం, తెలుపు మచ్చలుంటే అది చాలావరకు తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం. మందు కొట్టిన వెంటనే తీస్తే ఆ మచ్చలే కనిపిస్తాయి, కాబట్టి మీ మామయ్యను అడిగి రోజు చూసుకోండి.

ఏడాదిలో ఎప్పుడు ఏం దొరుకుతుందో ముందే రాసి పెట్టుకోండి. ఏప్రిల్ ప్రాంతంలో ఒక కటింగ్ (కొమ్మల కత్తిరింపు), సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండో కటింగ్ జరుగుతాయి. రెండో కటింగ్ తర్వాత కొన్ని రోజులకు మోడు కొమ్మ మీద లేత గులాబీ రంగు మొగ్గ పగులుతుంది, దగ్గరగా తీయండి. ఆ తర్వాత కాయ రంగు తిరిగే దశ. ఒకే గుత్తిలో పచ్చ కాయ, గులాబీ కాయ, ఊదా కాయ పక్కపక్కన ఉంటాయి. తోట మొత్తానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అది. కొద్ది రోజులే ఉంటుంది, పోతే మళ్లీ ఏడాదికే. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. పండు చల్లగా ఉండాలని తెల్లవారుజామునే మొదలుపెడతారు కాబట్టి పని, మంచి వెలుతురు ఒకే సమయంలో వస్తాయి. ఏడాదికి సరిపడా ఫొటోల్లో సగం కోత రోజుల్లోనే తీసి దాచుకోవచ్చు.

కోత కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లను తీసే ముందు ఒక్క మాట. "ఫొటో తీసుకోమంటారా అక్కా?" అని అడిగితే సరిపోదు. ఇది వైన్ అమ్మే పేజీలో వస్తుందని, ఊళ్లో ఎవరైనా చూడొచ్చని స్పష్టంగా చెప్పి అడగాలి. మన పల్లెల్లో మందు పేజీలో ఒక ఇల్లాలి ముఖం కనిపిస్తే ఇంట్లో ఆమె పడాల్సిన మాటలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. వద్దంటే వద్దు. ముఖం లేకుండా చేతులు తీయండి. కత్తెర పట్టిన చెయ్యి, గోళ్లలో ఇంకిన ఊదా రంగు, క్రేటు మీద పరిచిన గోనె. నేను పనిచేసిన ఒక వైనరీ పేజీలో బాటిల్ ఫొటోలన్నిటికంటే ఎక్కువమంది ఆగి చూసింది, కామెంట్లు రాసింది అలాంటి ఒక చేతుల ఫొటోకే. సరేనన్న వాళ్ల ఫొటో పెడితే వాళ్లు ఒప్పుకున్న మేరకు పేరు, వాళ్లు చేసే పని రాయండి. ఆ పూట ఫొటోల కోసం నిలబెట్టిన సమయానికి కూలి ఇప్పించండి.

వైనరీ లోపల తీయదగినది పులిసే దశ. రెడ్ వైన్‌కి తొక్కలతో సహా పులియబెడతారు. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ తొక్కల్ని పైకి తోస్తుంది, ట్యాంకు పైన మందపాటి పొర కడుతుంది. దాన్ని రోజుకి కొన్నిసార్లు కిందికి నొక్కుతారు. నొక్కినప్పుడు పైకి వచ్చే గులాబీ నురగ, ఆ బుసబుస చప్పుడు రీల్‌కి అద్భుతంగా ఉంటాయి. సినిమా పాట పెట్టకండి. వ్యాపార పేజీల్లో చాలా పాటలకు అనుమతి ఉండదు, వీడియో మూగబోతుంది. ఆ చప్పుడే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్. గాలి కంటే బరువైనది, ట్యాంకు నోటి దగ్గర, గది అడుగున చేరుతుంది. రీల్ కోసం ట్యాంకులోకి వంగకండి, తల పెట్టకండి, ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లకండి. స్పృహ తప్పడానికి క్షణాలు చాలు, వైనరీల్లో ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచమంతా ఉన్నాయి. తలుపులు తెరిచి, ఫ్యాన్లు వేసి, పనివాళ్లు ఉన్నప్పుడు, స్టిక్‌కి ఫోన్ తగిలించి దూరం నుంచి తీయండి.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. మన దేశంలో మద్యం ప్రకటనల మీద గట్టి ఆంక్షలున్నాయి. 1994 నాటి కేబుల్ టీవీ నియమాలు టీవీలో వాటిని నిషేధించాయి. సోడా పేరుతోనో మ్యూజిక్ సీడీల పేరుతోనో మద్యాన్ని ప్రచారం చేయడాన్ని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ మార్గదర్శకాలు నిషేధించాయి. ఆపైన ఏ రాష్ట్రం ఎక్సైజ్ చట్టం ఆ రాష్ట్రానిది. కాబట్టి డబ్బు కట్టి పోస్టును బూస్ట్ చేసే ముందు మీ మామయ్య లైసెన్స్ పనులు చూసే న్యాయవాదిని అడగండి. "మెసేజ్ చేస్తే ఇంటికి పంపుతాం" అన్న మాట ఎక్కడా రాయకండి, అనంతపురంలోని స్నేహితుల కోసం కూడా.

పేజీ సెట్టింగుల్లో కనీస వయసు పెట్టుకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 నిండాలి. మీరు 21కి తగ్గకుండా పెట్టండి, 25 పెడితే ఇంకా నిశ్చింత. ఫొటోల్లో పిల్లలు, బండి తాళాలు, స్టీరింగ్, గర్భిణులు ఉండకూడదు. తోటలో ఆడుకునే మీ మేనకోడలు ఎంత ముద్దుగా ఉన్నా సరే. లేపాక్షి, గండికోట లాంటి చోట్లకు బాటిల్ తీసుకెళ్లి తీయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. గుడులూ మసీదూ ఉన్న రక్షిత కట్టడాలు అవి, జనం మనసు నొప్పించి తెచ్చుకునే పేరు ఎవరికీ వద్దు. గుండెకు మంచిదని, ఒంటికి మంచిదని రాయకండి. ఆహార భద్రత సంస్థ నియమాలు మద్యం మీద అలాంటి మాటలు ఒప్పుకోవు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. లేబుల్ మీద ఉండే హెచ్చరికను ఫొటోలో చెరిపేయడం కూడా తప్పు. ఈ హద్దుల వల్ల కూడా తోట, పని, మనుషులు చూపించే దారే మీకు మేలు.

యాప్ సంగతికి వస్తే, ఫోన్‌లో ఉన్న ఎడిటర్ గానీ స్నాప్‌సీడ్ గానీ చాలు. నిలువు గీతలు సరిచేయండి, వెలుతురు సరిచేయండి, ఆగండి. మీ మూడో ఫొటోలో రంగులు బాగా పెంచారు. షిరాజ్ కాస్తా రోజా షర్బత్ అయిపోయింది. కొత్త రెడ్ వైన్ అంచున ఊదా, పాతబడేకొద్దీ ఇటుక రంగు ఉంటుంది. ఆ తేడా తెలిసినవాళ్లు చూస్తారు, దాన్ని చెరపకండి. ఎడిట్ చేసేటప్పుడు అసలు బాటిల్ పక్కన పెట్టుకుని రంగు పోల్చుకోండి.

సైజు విషయంలో పోస్టుకి 1080 బై 1350, రీల్‌కి 1080 బై 1920 పిక్సెళ్లు వాడండి. 2025 జనవరి నుంచి ఇన్‌స్టా ప్రొఫైల్‌లో గడులు చతురస్రం పోయి నిలువుగా మారాయి. పక్కలు కొద్దిగా తెగుతాయి కాబట్టి బాటిల్ మధ్యలో ఉంచండి. రీల్ అడుగున బటన్లు కప్పేస్తాయి, అక్షరాలు అక్కడ పెట్టకండి. తెలుగు అక్షరాలు వేయాలనుకుంటే మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మీ మామయ్య వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మసకగా వస్తున్నాయన్నారు. ఆయన్ని డాక్యుమెంట్‌గా పంపమనండి, సైజు తగ్గదు.

ఆ డెబ్బై వేలలో ముందు ఒక మంచి ట్రైపాడ్, ఫోన్ బిగించే క్లిప్, రెండు థర్మోకోల్ షీట్లు, నల్ల చార్టులు, ఒక బండ కొనండి. అన్నీ కలిపినా చాలావరకు మిగులుతుంది. మిగిలినదాంట్లో కొంత కోత సమయానికి దాచండి. ఆ రోజుల్లో ఒక పూట అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్‌ని పిలిపించి, పక్కనే ఉండి ఎలా తీస్తున్నారో చూడండి.

ఈలోగా కిటికీ పక్కన, వెనక అట్టముక్క పెట్టి తీసిన రెడ్ వైన్ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి. కిటికీ ఏ వైపు ఉందో, అట్ట ఎంత దూరంలో పెట్టారో కూడా రాయండి. లేబుల్ చీకటిగా ఉన్నా, ఎరుపు రాకపోయినా ఏం జరపాలో చూసి చెబుతాను.